ఉప్పు నేలలో పొన్న మొక్క

సునామీ నాడు, ఈ దీవిలో డైరీ ఫార్మ్ అనే పేటలో ఉన్న మా ఇంటి పెరట్లోకి సముద్రం వచ్చింది. కెరటమై విరుచుకుపడలేదు. కాలువ వెంట పొంగి, గట్టు దాటి, నిద్రలో నడిచే మనిషిలా మెల్లగా వచ్చి మూడు రోజులు నిలిచిపోయింది. నీరు తీశాక అమ్మ గులాబీలన్నీ మాడిపోయాయి. అవి మా పిన్ని విశాఖపట్నం నుంచి ఓడలో తెచ్చిన అంటు మొక్కలు. కార్ నికోబార్ దీవి బడిలో పాఠాలు చెప్పే పిన్ని ఆ రోజు తరువాత మాకు దొరకలేదు.

అమ్మ ఓడ వచ్చినప్పుడల్లా కొత్త గులాబీలు తెప్పించేది. నెల తిరక్కుండా అవీ ఎండిపోయేవి.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, నీళ్లకి అవతలి ఒడ్డున ఉన్న హోప్ టౌన్ నుంచి చర్చికి వచ్చే ముసలాయన మా ఇంటికొచ్చాడు. ఫారెస్టు నర్సరీలో మాలీగా చేసి రిటైరైన మనిషి. చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"నమక్ ఇంకా ఉందమ్మా. గులాబీ బతకదు. ఈ దీవి మొక్కలే ఎయ్యాల. పొన్న, గంగరావి, మొగలి."

"జంగిల్ మొక్కలా బాబాయ్, ఇంట్లో?" అంది అమ్మ.

"మనం రాకముందు ఇదంతా ఆటి ఇల్లే గదా."

మరుసటి వారం ఫెర్రీలో, గోనెసంచిలో మొక్కలు తెచ్చాడు. అమ్మ ముట్టుకోలేదు. నేనే నాటాను. వానాకాలంలో ఒక మధ్యాహ్నం చూస్తే, అమ్మ తడుస్తూ పొన్న మొక్కకి పుల్ల కడుతోంది.

"మీ పిన్నికి పువ్వులంటే పిచ్చి. ఇది పూస్తుందంటావా?"

"పూస్తుందట. టైమ్ పడుతుందట."

"పట్టనీ," అంది.

ముసలాయన తరవాత తెచ్చి వేసిన ఈశ్వరి తీగ కంచె మీద అల్లుకుంది. దాని ఆకుల నిండా గొంగళిపురుగులు చేరితే అమ్మ మందు డబ్బా తీసింది. ఆ ఆదివారం మా పెరట్లోనే ఉన్న ముసలాయన పరుగున వచ్చాడు. "కొట్టకమ్మా! తిననీ. ఆటి కోసమే గదా ఏసినాం!" కొన్నాళ్లకు ఆ తీగ నుంచి నలుపూ ఎరుపూ సీతాకోకలు లేచి, అటూ ఇటూ తేలుతూ, ఎండలో కరిగిపోతున్నట్టు కనిపించేవి.

పొన్న ఏడేళ్లకు పూసింది. తెల్లటి రేకులు, మధ్యలో పసుపు కేసరాలు. తెల్లవారుతుంటే ఆ వాసన మంచం దాకా వచ్చేది. లేచానో కలగంటున్నానో తెలిసేది కాదు. బయట తేనెపిట్టలు, వాటితో మాట్లాడుతూ అమ్మ.

ఈ మధ్య గోల్ ఘర్ నుంచి ఒకావిడ వచ్చి, కొత్త ఇంటి ముందు ఏ మొక్క బాగుంటుందని అడిగింది.

"ముందు ఏ పిట్ట రావాలో చెప్పండి దీదీ," అంది అమ్మ. "మొక్క సంగతి తరవాత చూద్దాం."