బనియాస్ పక్కన మ్యాచ్

మా కాలేజీకి బేస్‌బాల్ జట్టు ఒకటి ఉందని చేరిన కొన్నేళ్ళ దాకా నాకు తెలీదు. తెలిసిన రోజున కూడా సంతోషించిందేమీ లేదు. షార్జాలోని ఆ కాలేజీలో నేను కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుని. కరోనా వచ్చాక పాఠాలు సగం ఇళ్ళలోంచే నడిచేవి కాబట్టి ల్యాబ్‌కి వచ్చే పిల్లలు తగ్గిపోయారు. దాంతో ఆఫీసువాళ్ళ కళ్ళకి నేను ఖాళీగా కనిపించాను. జట్టు బయటికి వెళ్ళి ఆడినప్పుడల్లా వెంట స్టాఫ్ ఒకరు ఉండాలట. అందరికీ కరోనా టెస్టులు చేయించాలి, అబుదాబి బోర్డరు దగ్గర ఒక్కొక్కరి ఫోన్లో కరోనా యాప్ పచ్చరంగు చూపిస్తోందో లేదో చూడాలి, మ్యాచ్ అయ్యేదాకా బెంచీ మీద కూర్చోవాలి. ఎవరికీ అక్కర్లేని ఆ పని అటూ ఇటూ తిరిగి నా నెత్తిన పడింది.

నేను నోరు మూసుకుని ఊరుకునే రకం కాదు. ఆఫీసు మేనేజరు దగ్గరికి వెళ్ళి, "శుక్రవారం నాకున్న ఒక్క సెలవు. నేను వెళ్ళను. ఆ ఆటేంటో కూడా నాకు తెలీదు" అని గట్టిగానే చెప్పాను.

"తెలియక్కర్లేదు మేడమ్, ఊరికే కూర్చుంటే చాలు. గ్రౌండు మరీ దూరం కూడా కాదు, అబుదాబిలో బనియాస్ పక్కనే" అన్నాడాయన.

నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. "బస్సు ఎన్నింటికి?" అని అడిగాను.

మా ఆయన ఉండేది బనియాస్‌లోనే. అక్కడ ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ మెకానిక్కు. ఆయనది కంపెనీ క్యాంపు గది, నాది షార్జాలోని రోలాలో మరికొందరు ఆడవాళ్ళతో కలిసి ఉండే గది. ఆయన గదిలోకి ఆడవాళ్ళు వెళ్ళకూడదు, నా గదిలోకి మగవాళ్ళు రాకూడదు. కరోనాకి ముందు ప్రతి శుక్రవారం ఆయన బస్సెక్కి షార్జా వచ్చేవారు. రోలాలో తిరిగేవాళ్ళం, ఏదో హోటల్లో బిర్యానీ తినేవాళ్ళం, సాయంత్రం దాకా పార్కులో కూర్చునేవాళ్ళం. ఒకే దేశంలో ఉన్న మొగుడూ పెళ్ళాలం పార్కులో కలుసుకోవడం ఏంటని అప్పట్లో విసుక్కునేదాన్ని. బోర్డరు మూశాక ఆ పార్కు కూడా లేకుండా పోయింది. అబుదాబి ఎమిరేట్ దాటి వెళ్ళిన వాళ్ళని కంపెనీ మళ్ళీ పనిలోకి రానివ్వలేదు. క్యాంపుకి బయటివాళ్ళు రాకూడదు. సామాన్లు తెచ్చుకోవడానికి మాత్రం శుక్రవారం మధ్యాహ్నం గేటు పాసు ఇచ్చేవాళ్ళు. అంతే. ఫోన్లో మొహాలు చూసుకుని చూసుకుని, అసలు మనిషి ఎంత పొడుగు ఉంటాడో మర్చిపోయేలా ఉన్నాను.

అందుకని టెస్టులు చేయించుకుని, మొదటి శుక్రవారం అందరికంటే ముందు బస్సెక్కింది నేనే.

బస్సు నిండా దేశానికొకడు. ఫిలిప్పీన్స్ పిల్లలు, కొరియావాడు, ఈజిప్టు వాళ్ళు, పాలస్తీనా వాళ్ళు, అజ్మాన్‌లో పెరిగిన ఒక సన్నటి మలయాళీ కుర్రాడు. వీళ్ళలో చాలామంది క్రికెట్టో ఫుట్‌బాలో ఆడి, అక్కడ చోటు దొరక్క ఇటు వచ్చినవాళ్ళే. కోచ్ కూడా ఫిలిప్పీన్స్ ఆయన, పొట్టిగా ఉండేవాడు, ఎక్కువ మాట్లాడేవాడు కాదు. సీట్లకింద హెల్మెట్లు దొర్లుతుండేవి, తోలు గ్లవ్స్ చెమటకంపు. పెషావర్ డ్రైవరు "యల్లా, బైఠో" అని గదమాయిస్తే తప్ప ఒక్కడూ సీట్లో కుదురుగా కూర్చునేవాడు కాదు. బోర్డరు దగ్గర నేను నడవాలో అటూ ఇటూ తిరిగి అందరి ఫోన్లూ చూసి తల ఊపేదాన్ని. ఆ కాసేపూ బస్సులో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. ఒక్క ఫోను పచ్చగా లేకపోయినా మొత్తం బస్సు వెనక్కి తిరగాలి. నా కంగారు ఎందుకో వాళ్ళకి తెలీదు. నేను వాళ్ళకోసమే అంత జాగ్రత్తగా చూస్తున్నానని కోచ్ అనుకునేవాడు.

గ్రౌండు చుట్టూ నిలువెత్తు ఇనప జాలీ. లోపలికి జట్లూ అంపైర్లూ తప్ప ఎవరూ రాకూడదని బోర్డు. ప్రయాణంలో బయటివాళ్ళని కలవకూడదని మా కాలేజీ రూలు కూడా ఉంది, కలిస్తే ఆ డ్యూటీ ఇంకొకరికి ఇస్తారు. బయటినుంచి వచ్చిన జట్టు బెంచీ, అంటే మాది, జాలీకి ఆనుకుని ఉంది. బెంచీ చివర్న కూర్చుంటే జాలీకి అటుపక్క నిలబడ్డ మనిషి నాకు చేయి చాపితే అందేంత దగ్గర.

ముందే ఫోన్లో చెప్పి ఉంచాను కాబట్టి, మా ఆయన సామాన్ల పాసు మీద బయటపడి మ్యాచ్ మొదలయ్యే వేళకే వచ్చి అక్కడ నిలబడి ఉన్నారు. బాగా నల్లబడ్డారు. నేను ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. నన్ను చూసి ఆయన కూడా ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నారు. నిజానికి ఇద్దరం ఎవరికీ కాల్ చేయలేదు. ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఇద్దరం గ్రౌండు వైపే చూస్తూ మాట్లాడుకున్నాం.

"చిక్కిపోయావే" అన్నారు.

"మీరు చూసింది చాల్లెండి. అటు తిరగండి, కోచ్ చూస్తాడు."

"విల్లాలో ఏసీ బాగుచేస్తే వాళ్ళ దొడ్లో కరివేపాకు కోసుకోమన్నారు. నీకు తెచ్చాను. జాలీలోంచి దూరుతుందా?"

రెమ్మలు ఒక్కొక్కటే జాలీ కన్నాల్లోంచి ఇచ్చారు, నేను చేతిసంచీలో దాచుకున్నాను.

ఆ రోజు మేం బోల్తా పడింది ఆట విషయంలో. ఆయనకీ నాకూ తెలిసిన ఆట క్రికెట్టొకటే. ఒక జట్టంతా ఔటయ్యేదాకా ఆడుతుంది, మధ్యలో ఇంటర్వెల్ ఇస్తారు, అప్పుడు తీరుబడిగా మాట్లాడుకోవచ్చని ముఖ్యమైన సంగతులన్నీ దాచి ఉంచుకున్నాం. తీరా చూస్తే ముగ్గురు ఔటవగానే వాళ్ళు లోపలికి వీళ్ళు బయటికి, మళ్ళీ ముగ్గురు ఔటవగానే వీళ్ళు లోపలికి. ఇంటర్వెల్ ఊసే లేదు. మా పిల్లలు చిత్తుగా ఓడిపోయారు, చెప్పుకోవాల్సిన కబుర్లన్నీ అలాగే ఉండిపోయాయి. బస్సెక్కి కూర్చున్నాక కోపంతో ఒళ్ళు మండింది. ఇంత తొందరగా ఓడిపోయేవాళ్ళకి జట్టెందుకు?

ఇంకో తమాషా కూడా జరిగింది. బ్యాటుకి తగిలిన బంతి వెనక్కెళ్ళినప్పుడల్లా మా ఆయన "ఫోర్" అని చప్పట్లు కొట్టారు. క్రికెట్లో అయితే ఫోరే. ఇక్కడ దాన్ని ఫౌల్ అంటారు, పరుగులేమీ రావు. మా పిల్లలు నవ్వుకున్నారు. కానీ ఆ ఫౌల్ సంగతి కోచ్‌ని అడిగి తెలుసుకున్నాక నాకు నవ్వు రాలేదు. మూడుసార్లు బంతి తప్పితే ఔటు. కానీ రెండు తప్పిన తర్వాత ఎన్ని ఫౌళ్ళు కొట్టినా ఔటు కాదు, ఇంకో బంతి వేస్తూనే ఉండాలి. ఈ ఆటకి గడియారం లేదు. ఔటవకుండా ఉంటే పొద్దు గుంకేదాకా ఆడొచ్చు.

అప్పట్నుంచి నాకు ఆట మీద శ్రద్ధ పుట్టింది. అబుదాబి కాలేజీ, అల్ ఐన్ కాలేజీ రెండూ ఆ గ్రౌండులోనే ఆడేవి కాబట్టి ఆ చలికాలం తరచూ వెళ్ళాం. మేం గెలిచినా ఓడినా నాకొకటే, ఆట సాగాలి. అందులో నా పాలిట దేవుడు ఆ సన్నటి మలయాళీ కుర్రాడు. క్రికెట్ అలవాటు పోక ప్రతి బంతినీ ఆలస్యంగా తాకించి వెనక్కి పంపేవాడు. "ముందుకి కొట్టు, ముందుకి" అని కోచ్ తల పట్టుకునేవాడు. నేను మనసులో వాడికి దిష్టి తీసేదాన్ని. వాడు బ్యాటు పట్టుకున్నాడంటే మా ఇద్దరికీ ఒక తీరుబడి. గది మారాలనుకుంటున్న సంగతి, ఆయన నడుంనొప్పి సంగతి, మా ఆడపడుచు పెళ్ళికి ఇద్దరం వెళ్ళలేకపోయిన సంగతి, అన్నీ వాడి ఫౌళ్ళ మధ్యే మాట్లాడుకున్నాం.

పిల్లలకి మాత్రం మా ఆయన ఒక వింత. బయటికెళ్ళి ఆడే జట్టుకి చప్పట్లు కొట్టేవాడు ఎవడుంటాడు? అలాంటిది ప్రతి మ్యాచ్‌కీ ఒకాయన వచ్చి, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, వాళ్ళకోసం కేకలేసేవాడు. "మేడమ్, మన ఫ్యాన్ వచ్చాడు" అని బస్సు ఆగకముందే కిటికీల దగ్గర తోసుకునేవాళ్ళు. నేను ఎవరో తెలియనట్టు చూసేదాన్ని.

సెమీఫైనల్ రోజు బస్సులో కోచ్ లేచి చెప్పాడు. ఇవాళ గెలిస్తే వచ్చే శుక్రవారం ఫైనల్ మన సొంత గ్రౌండులో. ఓడితే మూడో స్థానం కోసం మళ్ళీ బనియాస్. ఆ తర్వాత ఎలాగూ సీజన్ ఖలాస్. సొంత గ్రౌండు అనగానే పిల్లలు సీట్లు బాదారు. నేను కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చున్నాను. గెలిస్తే ఇదే ఆఖరు. ఓడితే ఇంకొక్క శుక్రవారం. ఓడిపోతే బాగుండు అనుకున్నాను, అందులో తప్పేమీ అనిపించలేదు. జాలీ దగ్గరికెళ్ళి మా ఆయనకీ అదే చెప్పాను. ఆయన "ఊఁ" అని ఊరుకున్నారు.

ఆట నేను కోరుకున్నట్టే నడిచింది. ఆఖరి ఇన్నింగ్స్‌లో మా వాళ్ళు ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు, అప్పటికే ఇద్దరు ఔటు, పరుగు పూర్తి చేయడానికి ఇద్దరు బేసుల మీద నిలబడి ఉన్నారు. బ్యాటింగుకి మలయాళీ కుర్రాడు. రెండు బంతులు తప్పాడు. ఇంకొకటి తప్పితే మ్యాచ్ పోతుంది, నాకింకో శుక్రవారం వస్తుంది. వాడు ఎప్పట్లాగే ఫౌళ్ళ మీద ఫౌళ్ళు కొట్టడం మొదలుపెట్టాడు. నేను ఏదో చెబుదామని జాలీ వైపు తిరిగాను.

మా ఆయన నా మాట వినడంలేదు. ఫోను జేబులో పెట్టేసి, రెండు చేతులతో జాలీ పట్టుకుని, గొంతు చించుకుని తెలుగులో అరుస్తున్నారు. "కొట్టు నాయనా. ముందుకి కొట్టు. ముందుకి."

వాడికి తెలుగు అర్థమై కాదులెండి. తర్వాతి బంతిని ఎదురుగా ఇద్దరు ఫీల్డర్ల మధ్యలోంచి కొట్టాడు. బేసుల మీద ఉన్న ఇద్దరూ పరుగెత్తి వచ్చేశారు, రెండు పరుగులు. అవతలివాళ్ళు ఆడడానికి వచ్చి ఒక్క పరుగూ తీయకుండానే ముగ్గురు ఔటయ్యారు. మా పిల్లలు ఒకడి మీద ఒకడు పడి దొర్లారు. మా ఆయన జాలీని ఊపేస్తున్నారు.

"వచ్చే శుక్రవారం ఇక్కడ మ్యాచ్ లేదు. ఎక్కిందా బుర్రకి?" అన్నాను.

"ఎక్కింది."

"మరి? నన్ను చూడక్కర్లేదా మీకు?"

"నువ్వు వచ్చింది వాళ్ళ బస్సులోనే కదే" అన్నారు మెల్లిగా. "వాళ్ళ బస్సెక్కి వచ్చి, వాళ్ళు ఓడిపోవాలని ఎలా అనుకుంటాం?"

నా కోపం మాత్రం అలాగే ఉంది. అంతలో పిల్లలు మూకుమ్మడిగా జాలీ దగ్గరికి వచ్చారు, వెనక కోచ్. ఫైనల్‌కి షార్జా రమ్మని కోచ్ మా ఆయన్ని పిలిచాడు. "నహీఁ ఆ సక్తా సాబ్, క్యాంపువాళ్ళు వదలరు" అన్నారాయన, సగం హిందీ సగం తెలుగు కలిపి. వాళ్ళకి అర్థమైంది.

"పాపం" అన్నాడు కోచ్ నావైపు తిరిగి. "మనకున్నది ఒక్కడే ఫ్యాన్."

"ఆయన మీ ఫ్యాన్ కాదు. నా మొగుడు" అన్నాను.

ఇంత గట్టిగా అంటానని నేనే అనుకోలేదు. మలయాళీ కుర్రాడు నా చేతిలోని ఫోనుకేసి చూశాడు. "అయితే మేడమ్, ఇన్నాళ్ళూ ఆ ఫోన్లో మాట్లాడింది?"

"ఫోన్లో ఎవరూ లేరు."

డ్యూటీ పోతే పోయింది, ఎలాగూ ఇక ప్రయాణాల్లేవు అనుకుని తల వంచుకోకుండా నిలబడ్డాను. కోచ్ నన్ను చూశాడు, బోర్డు చూశాడు. జాలీ మూలనున్న చిన్న గేటు దగ్గరికెళ్ళి గడియ తీశాడు. "మాస్కులు మాత్రం తీయకండి" అని, పిల్లలవైపు తిరిగి గట్టిగా, "సామాన్లు సర్దడం అవగానే బయల్దేరదాం" అన్నాడు.

మా ఆయన చుట్టూ తిరిగి వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు. నా చేతిమీద చెయ్యి వేశారు. ఎన్ని నెలలకో. ఏడుపు ఆగలేదు, మాస్కు ఉండడం మంచిదైంది. "కోపం పోయిందా?" అన్నారు. "పోలేదు" అన్నాను.

ఎప్పుడూ చిటికెలో బస్సెక్కేసే పిల్లలు ఆవేళ సామాన్లు సర్దుతూనే ఉన్నారు. హెల్మెట్లు ఒక్కొక్కటీ తుడిచారు. బ్యాట్లు లెక్కపెట్టారు, లెక్క తప్పిందని మళ్ళీ పెట్టారు. బయట డ్రైవరు హారన్ కొడితే ఒక్కడూ తల తిప్పలేదు. చివరికి అన్నీ అయిపోయి, ఇక సంచీ మూయడమే తరువాయి. మలయాళీ కుర్రాడు మా బెంచీ వైపు ఒకసారి చూసి, సంచీలోంచి ఒక బంతి తీసి, గ్రౌండు ఆ చివరికి విసిరేశాడు. దాన్ని తెచ్చుకోవడానికి మెల్లిగా నడుచుకుంటూ వెళ్ళాడు.