నిండు గ్లాసు చాయ్, మూరెడు ఇంజను

పాల్వంచ సంసోనుకు ఏ వస్తువు బాగుచేయమని ఇచ్చినా, అది ఇచ్చిన రూపంలో తిరిగి రాదు. బాగవుతుంది, అందులో సందేహం లేదు. కాని ఎక్కడో ఒకచోట దానికి తోకో కొమ్మో మొలిచి ఉంటుంది. ఈ గుణంతో ముప్పై నాలుగేళ్లుగా కాపురం చేస్తున్న మరియ వంటింట్లో కుక్కరు మూతకు రెండు పిడులున్నాయి. గేటు గొళ్లేనికి సైకిలు పెడలుంది. ఎందుకయ్యా ఇది అంటే, "ఉండనీ, మంచిగుంటది" అనడం తప్ప ఆయనకు మరో జవాబు తెలియదు.

థర్మల్ స్టేషన్లో బాయిలర్ ఆపరేటరుగా రిటైరయ్యాక సంసోను ఆవిరి వాసన లేకుండా పది రోజులు కూడా ఉండలేకపోయాడు. పాత ఆవిరి రైలింజన్ల నమూనాల మీద పడ్డాడు. మూరెడు పొడవుంటాయి. నీళ్లు పోసి కింద స్పిరిటు దీపం వెలిగిస్తే నిజంగా ఆవిరి పుట్టి, పెరట్లో ఇటుకల మీద పరిచిన పట్టాలపై నిజంగా పరుగెత్తుతాయి. బొమ్మలంటే మాత్రం సంసోనుకు కోపం. ఈ పిచ్చి ఉన్నవాళ్లు లోకంలో ఎంతమందో తెలియదు గాని, అందరికీ మరియ ఇంటి దారి తెలుసు.

వచ్చినవాళ్లకు ముందు చాయ్ ఇవ్వాలి. అది కూడా గ్లాసు అంచుదాకా పోసి ఇవ్వాలి.

"గంత నిండుగ పోస్తే మనిషెట్ల తాగుతడయ్యా? బండలన్నీ ఖరాబైతయ్."

"కానీ. నేను తుడుస్తగా."

తుడిచేవాడు, పాపం అబద్ధమెందుకు. కాని వచ్చిన మనిషి చాయ్ తాగినంతసేపూ ఇంజను వంక చూడకుండా ఆ మనిషినే గుడ్లప్పగించి చూసేవాడు. మరియకు సిగ్గుతో తల కొట్టేసినట్టయ్యేది.

భద్రాచలం నుంచి కండక్టరు ప్రభు వచ్చినప్పుడు, చక్కెర సరిపోయిందా అని మరియ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆయన ఇంజను చక్రం బాగుచేయించుకుందామని వస్తే, సన్నగా కూసే దాని కూతను కూడా తీసేసి, దున్నపోతు రంకెలాంటి లావు కూత బిగించి పంపాడు సంసోను. మణుగూరు ఉదయ్ భాస్కర్ గ్లాసును బల్ల మీద పెట్టబోయి గాల్లో పెట్టాడు. ఆయన ఇంజనులో నీటిమట్టం చూపే గాజు గొట్టం వెనక మరియ ఎర్ర రిబ్బను ముక్క ప్రత్యక్షమైంది. ఇద్దరూ గొణుక్కుంటూనే తీసుకుపోయారు.

అట్లాంటి ఇంటికి సత్తుపల్లి నుంచి బసవపున్నయ్య వచ్చాడు. ముప్పై ఎకరాల పామాయిల్ తోట ఆసామి, డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఇస్త్రీ మడత నలగని పంచె. తండ్రి ఎప్పుడో ఒక గని ఇంజనీరు దగ్గర కొన్న ఇత్తడి ఇంజను తువ్వాలులో చుట్టి తెచ్చాడు.

"నాలుగేళ్ల నుంచి మొరాయిస్తోందయ్యా. ఆవిరి వదలగానే గంతులేసి పట్టాల మీంచి పడిపోతోంది. చిన్నప్పటి నుంచీ నడిపినవాణ్ణి, నా వల్లే కావట్లేదు. ఈసారీ నడవకపోతే హైదరాబాదులో ఒకాయన అడుగుతున్నాడు, ఇచ్చేస్తాను."

ఇచ్చేస్తానంటూనే ఆయన చెయ్యి తువ్వాలు మీది నుంచి లేవలేదు.

"అమ్ముడెందుకు సార్? ముందు చాయ్ తాగుండ్రి."

ఆ రోజు నేల మీద ఒలికినంత చాయ్ మరియ ఏనాడూ చూడలేదు.

"ఒకటే మాట. నీ సంగతి విన్నాను," అన్నాడు బసవపున్నయ్య, పంచె తుడుచుకుంటూ. "మా నాన్న ఇంజను. ఒక్క స్క్రూ మార్చినా ఊరుకోను."

"మార్చ సార్."

"మరియమ్మ గారూ, మీరే సాక్షి."

మూడు వారాలు సంసోను కూర్చున్న చోటు నుంచి లేవలేదు. బాయిలరులో పేరుకున్న సున్నం కరిగించాడు, వదులైన మరలు బిగించాడు, ఇత్తడిని చింతపండుతో తోమి పెళ్లికొడుకును చేశాడు. ఈసారి బుద్ధిగా ఉన్నాడని మరియ నమ్మింది. ఇరవయ్యో రోజున ఆమె పప్పు గరిటకు కాడ లేదు.

"ఏందయ్యా, ఆయన నన్ను సాక్షి పెట్టిండు గదా."

"నేనేం మార్చలే మరియా."

బసవపున్నయ్య వచ్చి చూసుకున్నాడు. ఆవిరి వదిలే చిన్న పిడికి జానెడు గరిట కాడ తొడిగి ఉంది. ఆయన ముఖం ఎర్రబడింది.

"మాట తప్పావు సంసోనూ. ఇటివ్వు, హైదరాబాదాయనకే ఇచ్చేస్తాను."

సంసోను స్పిరిటు దీపం ముందుకు జరిపాడు.

"పాత ఇత్తడికి రంధ్రం గూడ పెట్టలే సార్. ఉత్తగ తొడిగిన, లాగితే ఊడొస్తది. ఒక్కసారి నడిపి చూసి, గప్పుడు తిట్టుండ్రి."

దీపం వెలిగించారు. పావుగంటకు ఆవిరి బుసకొట్టింది. బసవపున్నయ్య కాడ కొసను పట్టుకున్నాడు. వేళ్లు వణుకుతున్నాయి, ఆకు వణికినట్టు. కాని కాడ పొడవుంది. చెయ్యి బెత్తెడు కదిలితే లోపల పిడి వెంట్రుకవాసి తిరిగింది. ఇంజను కదలగానే ఆయన కాడ లాగేసి చేతిలో పట్టుకున్నాడు. ఇంజను గంతులేయలేదు. చుక్ చుక్ మంటూ, పేరంటానికి పోతున్న ముత్తైదువలా నింపాదిగా పెరడంతా చుట్టి వచ్చింది.

అది మూడు చుట్లు తిరిగేదాకా ఆయన వంగి చూశాడు. తర్వాత తన చేతిని చూసుకున్నాడు.

"అయితే ఇన్నాళ్లూ గంతులేసింది..."

"ఇంజనే సార్," అన్నాడు సంసోను చప్పున. "పాతది గద, బాగ మొండిది."

బసవపున్నయ్య ఆయన వంక చూసి నవ్వేశాడు. గరిట కాడను తండ్రి ఇంజనుతోపాటు అదే తువ్వాలులో భద్రంగా చుట్టుకున్నాడు. హైదరాబాదు ఊసు మళ్లీ ఎత్తలేదు.

మరియ వంటింట్లోకి వచ్చి కుక్కరు ముందు నిలబడిపోయింది. రెండో పిడి ఎప్పుడొచ్చింది? తన మణికట్టు నొప్పి మొదలైన ఏడాదే. గేటుకు పెడలు? బిందెతో రెండు చేతులూ ఖాళీ లేక గేటును కాలితో తన్నిన వారమే. ఈ మనిషిని ఇన్నేళ్లు ఎన్ని మాటలన్నానో అనుకుంది. అందులో సగమైనా వెనక్కి తీసుకుంటే బాగుండుననిపించింది.

ఆ సాయంత్రం సంసోనుకు అంచుదాకా నింపిన గ్లాసు ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏంది గట్ల చూస్తున్నవ్?"

"ఏం లే. తాగు."

గ్లాసు పట్టు జారి నాలుగు చుక్కలు బండ మీద పడ్డాయి. ఆయన చూడకుండా మరియ తుడిచేసింది.

మర్నాడు పొద్దున సంసోను సుత్తి తీసుకోబోతే, దాని పిడికి పాత చీర పేలిక లావుగా, మెత్తగా చుట్టి, దారంతో కుట్టి ఉంది.

"ఏందే ఇది?"

మరియ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే అంది.

"ఉండనీ, మంచిగుంటది."