కాచిన నీళ్ళ కుండ

తొంభయ్యారు తుఫాను తర్వాత ఒక సేవాసంస్థ ఉప్పాడ దగ్గర కట్టించిన కాలనీలో రోజూ పొద్దున్నే ఒక నల్లగొడుగు కదులుతుంది. దాని కింద సంస్థ ఆరోగ్య కార్యకర్త సువార్తమ్మ ఉంటుంది. కుచ్చిళ్ళు బురదకి అందకుండా ఎడంచేత్తో ఎత్తిపట్టుకుని, ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట చెబుతుంది. "నీళ్ళు కాచి చల్లార్చి తాగండమ్మా. లేకపోతే పిల్లలకి విరేచనాలు పట్టుకుంటాయి." వాళ్ళు శ్రద్ధగా తలూపి, ఎండన పడి వచ్చింది కదా అని చెంబుతో నీళ్ళిస్తారు. కాచినవేనా అని అడిగితే చిన్నబుచ్చుకుంటారు. వద్దంటే, మా ఇంట్లో తాగదు కాబోలు అనుకుంటారు. సంచిలో కాచిన నీళ్ళ సీసా ఉన్నా, ఆవిడ ఆ చెంబే ఎత్తి తాగి, మూతి తుడుచుకుని, పక్కింటికెళ్ళి మళ్ళీ అదే చెబుతుంది.

ఆ వానాకాలం ఆవిడకి కామెర్లొచ్చాయి. కాలనీ అంతా ఆస్పత్రికి వెళ్ళి, తప్పు తమదేనని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కోలుకుని తిరిగొచ్చిన రోజు మొదటి ఇంట్లోనే సత్తెమ్మ మూతపెట్టిన కొత్త కుండ తెచ్చి చూపించింది.

"కాచినవేనండి. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ పెట్టామండి."

సువార్తమ్మ మొహం విప్పారింది. "పిల్లలకీ ఇవే ఇస్తున్నావు కదా?"

"అయ్యో, ఎంత మాటండి! ఇవి మీకే. పిల్లల్ని ముట్టుకోనివ్వట్లేదండి."