బజ్జీ పట్టుకున్నవాళ్లంతా పాఠకులే

పటాన్‌చెరు నుంచి హత్నూర దాకా ఒకప్పుడు మా వారపత్రిక చదవని గడపే ఉండేది కాదని చాలా ఏళ్లు చెప్పుకుని తిరిగాను. మీతో కూడా అలాగే మొదలుపెట్టాను చూశారా, అలవాటు. ఆ గొప్ప కింద ఒక బరువు ఉంది. ఇన్నేళ్లు మోశాను. ఇక చాతకావడం లేదు.

ఆ పత్రిక పెట్టింది సామేలన్న. బడిపంతులు. జీతంలోంచే కాగితం కొని, సెలవురోజుల్లో వార్తలు రాసి అచ్చు వేయించేవాడు. ఒక్కో ప్రతిని ఎంతమంది చదువుతున్నారో ఊరూరా తిరిగి అడిగి రమ్మని నన్ను పంపాడు. జనం నిజంగా చదువుతుంటే ఉద్యోగం మానేసి పత్రికే నడుపుతానన్నాడు.

నేను పటాన్‌చెరు పక్కనే ఉన్న కర్దనూర్ దాటలేదు. ఫ్యాక్టరీ గేటు ముందున్న హోటల్లో కూర్చున్నాను. ఆ మిరపకాయ బజ్జీల వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. షిఫ్టు వదలగానే నీలం చొక్కాల గుంపు, హిందీ తెలుగు కలగలిసిన కేకలు, సైకిల్ గంటలు. ఎంత కళగా ఉండేదో! బజ్జీలు మా పాత పత్రిక ముక్కల్లోనే కట్టిచ్చేవారు. ఆ కాగితం చేతికి తగిలిన ప్రతివాడినీ పాఠకుడిగా లెక్కేశాను. దాంతో నూనె తుడుచుకున్నవాడిని కూడా. అప్పుడది కొంటెతనం అనుకున్నాను. కొంటెతనమేనా? ఎండలో తిరగలేని నా బద్ధకానికి నేను పెట్టుకున్న ముద్దుపేరా?

"ఒక్కో పేపరు పదిమంది సదువుతున్నరన్నా," అని సామేలన్న ఇంటికెళ్లి చెప్పాను.

"నిజమేనారా? నౌకరి ఇడిసిపెట్టాల్నా మరి?"

నేను నవ్వాను. అంతే.

అతను మానేశాడు. అచ్చయిన కట్టలు ఇంట్లోనే పేరుకుపోయాయి. ఏడాది తిరగకముందే పత్రిక మూతపడింది. బడివాళ్లు మళ్లీ తీసుకోలేదు. పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి గుమ్మడిదల దగ్గర మందుల కంపెనీ గేటులో లారీలకు చీటీలు రాస్తూ ముసలివాడయ్యాడు. పోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. తెలియక ఊరుకున్నాడా, తెలిసే ఊరుకున్నాడా?

మొన్న ఆదివారం సామేలన్న భార్య ఎస్తేరు వదినె చర్చి నుంచి వచ్చేసరికి వాళ్ల గుమ్మం ముందు కూర్చుని ఉన్నాను. మీకు చెప్పినట్టే అంతా చెప్పేశాను. బరువు దిగిందనుకున్నాను. వదినె చెప్పులు విప్పుతూ వింది. నేను నవ్వానన్న చోట తలెత్తింది.

"నవ్వలే నువ్వు. 'జల్దీ ఇడిసిపెట్టన్నా, నేనున్న గద' అన్నవ్. ఆ పూట మీకు చాయ్ తెచ్చింది నేనే."