అన్నకో వారం, తమ్ముడికో వారం

వీధిలో అతని అసలు పేరు ఎవరూ వాడరు. చిటపట అంటారు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని. వచ్చినవాళ్ళ చూపు సరిచేసి పంపుతాడు గానీ, వాళ్ళ మొహం వైపు మాత్రం చూడడు. ఆ చిటపటంతా షాపులో సగమే ఖర్చయ్యేది. మిగతా సగం కింది వాటాలో ఉండే తమ్ముడి కోసం ఇంటికి మోసుకొచ్చేవాడు.

తండ్రి పోతూ ఇద్దరికీ కలిపి ఒక కారు వదిలాడు. ఎందుకు వదిలాడో ఆయనకే తెలియాలి. ఉప్పూ నిప్పూలా ఉండే కొడుకులకి కలిపి ఇవ్వాల్సిన వస్తువు కాదది. పెద్దలు కూర్చోబెట్టి ఒక పద్ధతి పెట్టారు: ఒక వారం అన్నది, ఒక వారం తమ్ముడిది, ఎవరి వారంలో చెడితే వాళ్ళే బాగు చేయించాలి. వినడానికి ఎంతో న్యాయం. జరిగింది వేరు. కారులో ఏ చప్పుడు మొదలైనా దాన్ని ఆదివారం దాకా బుజ్జగించి, తుడిచి, తళతళలాడించి అవతలివాడికి అంటగట్టడం ఇద్దరికీ వెన్నతో పెట్టిన విద్య అయింది. ఆదివారం పొద్దున మెట్ల దగ్గర తాళం చేతులు మారేటప్పుడు ఎప్పుడూ అవే మాటలు.

"అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

ఆ ఒక్క అబద్ధం మీదే కారు ఏళ్ళ తరబడి నడిచింది.

చివరికి అది మూలుగుతూ దగ్గుతూ తిరిగే దశకి వచ్చాక పంచాయితీ మొదలైంది. షెడ్డులో మెకానిక్ కారు కిందికి దూరి, బయటికొచ్చి, "నాలుగు రోజులు నా దగ్గర వదలండి, గట్టిపడుతుంది," అన్నాడు. ఆ నాలుగు రోజులు ఎవరి వారంలోంచి పోవాలి? నాది కాదంటే నాది కాదన్నారు. అమ్మేసి కొత్తది కొనమని చిటపట భార్య అంటే, "వాడితో కలిసి గుండుసూది కూడా కొనను," అన్నాడు. తమ్ముడు లీజు అన్నాడు.

"నెలనెలా కట్టి నడుపుకోవడమే. చెడితే వాళ్ళదే పూచీ. గడువు తీరాక తిరిగిచ్చేస్తాం."

"ఎవరి పేరు మీద?"

"నా పేరు మీదే. ఆలోచన నాది కదా."

"అంటే, నేనూ డబ్బులు కట్టి, ఎక్కాలంటే నిన్నడగాలి."

"ఎక్కకు. నిన్నెవడు బతిమాలాడు?"

అక్కడితో మాటలు తెగాయి. కారు మాత్రం చేతులు మారుతూనే ఉంది.

ఒక శనివారం సాయంత్రం చిటపట కూతుర్ని ట్యూషన్ నుంచి తీసుకొస్తూ వంతెన దిగుతుంటే, బ్రేకు పెడల్ మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. కారు ఆగలేదు. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ తొక్కితే పట్టింది. పక్కన పాటలు వింటున్న పిల్లకి ఏమీ తెలియలేదు. ఇంటికొచ్చి, రేపు ఆదివారమే కదా అని ఊపిరి పీల్చుకున్నాడు. అది గుర్తొస్తే ఎవరైనా సిగ్గుపడాలి. అతను మాత్రం కారు అద్దాలు తుడిచి, అన్నం తిని పడుకున్నాడు.

మర్నాడు తాళం ఇచ్చాడు. అడగాల్సింది తమ్ముడు అడిగాడు, చెప్పాల్సింది ఇతను చెప్పాడు.

సోమవారం పొద్దున గడ్డం గీసుకుంటుంటే వంటింట్లోంచి భార్య అంది, "పరీక్షకి ఆలస్యమవుతోందని పిల్ల కంగారుపడింది. మీ తమ్ముడు వాళ్ళ చిన్నదాన్ని స్కూల్లో దింపుతూ దీన్నీ దింపుతానన్నాడు. కిందికి వెళ్ళింది."

మొహాన నురగతోనే మెట్లు దిగాడు. కారు అప్పుడే గేటు దగ్గర కదులుతోంది. బానెట్ మీద రెండు చేతులూ వేసి అడ్డంగా నిలబడ్డాడు. ఇంజను ఆగింది.

"దిగు," అన్నాడు ముందు సీట్లో ఉన్న కూతురితో.

"నా వారంలో కారు ఆపడానికి నువ్వెవరివి?" అన్నాడు తమ్ముడు.

"బ్రేకు పట్టడం లేదు."

తమ్ముడి మొహంలో ఆశ్చర్యం ఇసుమంతైనా లేదు.

"రెండోసారి తొక్కితే పడుతుంది," అన్నాడు.

రెండోసారి సంగతి చిటపట ఎవరికీ చెప్పలేదు, నిన్నంతా కారు గేటు దాటలేదు. అంటే, అంతకుముందు ఆదివారం తాళం ఇచ్చేటప్పటికే తమ్ముడికి తెలుసు. తెలిసే, బాగానే ఉందన్నాడు.

"వారమంతా నా కూతురు ఇందులో తిరుగుతుందని తెలుసుగా నీకు," అన్నాడు.

కూతురు అప్పటికే దిగింది. దిగి, వెనక తలుపు తీసింది. అక్కడ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, రోజూ కూర్చునే చోటే, తమ్ముడి కూతురు కూర్చుని ఉంది.

"మరి చెల్లి ఎక్కుతుందని నీకు తెలియదా నాన్నా?"

పిల్లలిద్దరూ చేయీ చేయీ పట్టుకుని బస్టాపు వైపు నడిచారు. ఒక్కరూ వెనక్కి చూడలేదు.

అన్నదమ్ములు కారుకి చెరో పక్కన మిగిలారు. నురగ ఎండి మొహం బిగుసుకుంటోంది. చిటపటకి సిగ్గు ముంచుకొచ్చింది, అబద్ధమెందుకు. తమ్ముడితో ఏదైనా మంచి మాట అనాలని కూడా అనిపించింది.

"షెడ్డుకి ఎవరు తీసుకెళ్తారు?" అన్నాడు తమ్ముడు నేల చూస్తూ.

చిటపట నోరు తెరిచాడు.

"ఈ వారం నీది," అన్నాడు.