బందు రోజుల్లో పూడుకుపోయిన పాయఖానా

అరవై తొమ్మిది వేసవిలో మేము దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుండేవాళ్ళం. అప్పటికి అక్కడ ఇళ్ళకన్నా ఖాళీ జాగాలే ఎక్కువ. నాకు నెలలు నిండాయి. పురుడు పోయడానికి కృష్ణా జిల్లా నుంచి అత్తగారు వచ్చారు. ఊరంతా ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. బందులతో బస్సులు ఆగిపోయి, ఆఫీసుకు వెళ్ళిన మా ఆయన సిటీలోనే చిక్కుకుపోయారు.

సరిగ్గా అప్పుడే మా పాయఖానా పూడుకుపోయింది. నీళ్ళు పోస్తే దిగకపోగా పైకి వస్తున్నాయి. నిండు నెలల్లో ఎన్నిసార్లు వెళ్ళాల్సి వస్తుందో ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు.

"పక్కింటివాళ్ళని అడగనా అత్తయ్యా?"

"ఊరుకోవే! ఆ ఇంటాయన రోజూ ఊరేగింపుల్లో పొమ్మంటున్నది మన ఆంధ్రావాళ్ళనే కదా. ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?"

పక్కింట్లో నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ దంపతులుండేవారు. పెరటి గోడ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి ఆమే పలకరించింది.

"ఏందక్కా, గట్ల నిలవడ్డవ్? నొప్పులొస్తున్నయా?"

సిగ్గు చంపుకుని సంగతి చెప్పాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుని వాళ్ళ పెరట్లోకి తీసుకుపోయింది.

"మీది బాగయ్యేదాంక ఇటే రా. అడుగుడేంది?"

మధ్యాహ్నం ఆమె భర్త ఊరేగింపు నుంచి వచ్చాడు. నినాదాలిచ్చి ఇచ్చి గొంతు బొంగురుపోయింది. భార్య చెప్పగానే, అన్నం కూడా తినకుండా వెదురు కర్రకు గోనెపట్టా చుట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఎంత పొడిచినా నీళ్ళు కదల్లేదు. పెరట్లో గొట్టం మీది మూతరాయి లేపి, వంచిన ఇనుప తీగతో లోపల కెలికాడు. నల్లటి ముద్ద ఒకటి బయటికొచ్చింది. అత్తగారు అంట్లు తోమి పాయఖానాలో పారబోస్తున్న కొబ్బరి పీచు, బూడిద!

"పీచు, బూడిద, పాత గుడ్డలు అండ్ల ఎయ్యద్దమ్మా. పక్కకు ఓ డబ్బా పెట్టుకోండ్రి. పోయినంక ఒక్క చెంబు గాదు, బకెట్ నిండ నీళ్ళు కుమ్మరించాలె."

అత్తగారు ఉండబట్టలేక అడిగేశారు. "మమ్మల్ని పొమ్మంటారు గదా బాబూ, మరి మీకెందుకీ శ్రమ?"

ఆయన మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ అన్నాడు: "మా రాష్ట్రం మాకు గావాలె. రేపు గూడ జులూస్‌ల పోత. గందుకని కడుపుతోనున్న ఆడిబిడ్డను పరేషాన్ చేస్తమా?"

అత్తగారు లోపలికి వెళ్ళి, ఆయన గొంతుకని మిరియాల కషాయం కాచి తెచ్చారు. ఆయన అరుగు మీద కూర్చుని ఊదుకుంటూ తాగాడు.

ఆ వారంలోనే నాకు ఆడపిల్ల పుట్టింది. బందులో రిక్షా వెతికి తెచ్చిందీ, దవాఖాన దాకా నన్ను పొదివి పట్టుకు కూర్చున్నదీ ఆ దంపతులే. తరవాత మేము ఎల్బీనగర్ వైపు సొంతింటికి మారాం. అక్కడా పెరట్లో చెత్తడబ్బా మొదట పెట్టాకే వంటింట్లో పొయ్యి పెట్టుకున్నాను.

మేమింకా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండగానే, అత్తగారు ఊరికి తిరిగి వెళ్ళేరోజు పొద్దున్నే కనపడకపోతే కంగారుగా వెతికాను. పరాయి ఇంట్లో మంచినీళ్ళయినా ముట్టని మనిషి, పక్కింటి చాప మీద కూర్చుని ఆమె ఇచ్చిన చాయ్ తాగుతున్నారు.