ఎల్బే ఒడ్డున ఒక బొటనవేలు

గల్ఫ్‌లో ముసఫ్ఫా అనే కార్ఖానాల పేటలోని ఒక చిన్న క్లినిక్‌లో పదహారేళ్ళుగా కూలీల పుండ్లకు కట్లు కడుతున్న పాలకొల్లు జ్ఞానకుమారి, 2023 వేసవిలో, జర్మనీ దేశపు డ్రెస్డెన్ నగరంలో ఎల్బే నది ఒడ్డున ఉన్న బ్రూల్ టెరస్ అనే పాతకాలపు షికారు బాటను రోజుకు నాలుగుసార్లు దర్శించేది. ఆ నగరం మొహం ఆమె చూసింది లేదు. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఇరవై రెండు జర్మన్ వాక్యాల మీదుగా వెళ్ళి వచ్చేది. ఇలాంటి యాత్రకు వీసా అక్కర్లేదు, చెప్పులు కూడా అరగవు.

అసలు బాధ వీసాదే, ఉద్యోగం పోతే అదీ పోతుంది. క్లినిక్ మూసేస్తున్నామని ముదీర్, అంటే అక్కడి మేనేజరు, ఆమెను గదిలోకి పిలిచి చెప్పాడు. ఆ వీడ్కోలు ప్రసంగం "ఖలాస్ సిస్టర్" అనే రెండు మాటల్లో ముగిసింది. జర్మనీలో ఒక ఆసుపత్రి ఉద్యోగం ఇస్తానంది, నెలాఖరులోగా జర్మన్ పరీక్ష పాసైతేనే. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ మాట్లాడే భాగంలోనే పోయింది. ఇది మూడోసారి. నలభై నాలుగేళ్ళ నర్సు కోసం ఇంకో ఆసుపత్రి దారి కాచుకుని కూర్చోదు. భర్త శాంతరాజు కరోనాలో పోయాక పాలకొల్లులోని ఇంటిని మరిది ఎంతో బాధ్యతగా తనదిగా చూసుకుంటున్నాడు. తిరిగి వెళ్ళడానికి ఆమెకు ఊరుంది గాని తలుపు లేదు.

ఈసారి మాట్లాడే భాగంలో నదీతీరమే అడుగుతారని కోచింగ్ మాస్టారు జోస్యం చెప్పాడు. అది మొదలు ఎల్బేకు విశ్రాంతి లేదు.

"నిద్దట్లో కూడా ఎల్బే ఎల్బే అంటున్నావక్కా," అంది గదిలో ఉండే కృపారాణి. "పక్క మంచం మునిగిపోయేలా ఉంది."

క్లినిక్‌లో వినేవాడు భూమేశ్. జగిత్యాల వైపు వెల్డరు, కాలిమీద మానని పుండు. కట్టు మార్చేదాకా కదలలేడు కాబట్టి శ్రోతగా ఉత్తముడు.

"గక్కడికి పోయి జనం ఏం జేస్తరక్కా?"

"నడుస్తారు తమ్ముడూ."

"నడిచి?"

"వెనక్కొస్తారు."

"ఇంకేం పని లేదా?"

"నదిని చూస్తారు. ఒకచోట ఒడ్డు వెంట ఇనుప కటకటాల మీద బొటనవేలంత గుంట ఉంటది. పూర్వం బలశాలి రాజొకడు వేలితో నొక్కాడంట. వచ్చినోళ్ళంతా అందులో వేలు పెట్టి చూస్తారు."

"ఇనుముల గుంతా? కాస్టింగ్ సక్కగ లేదు గావచ్చు," అని భూమేశ్ రాచరికం మీద తీర్పు చెప్పేశాడు.

జ్ఞానకుమారి అతని కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసింది. గుంట పడి, అలాగే ఉండిపోయింది.

"నీరు పట్టింది. కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకో."

"క్యాంపుల నాది పైబెర్తే అక్కా. గింతకన్న ఎత్తు ఏడికెళ్లి తేవాలె?"

పరీక్ష రోజున చీటీ తీసింది. మీరు చూసిన ఒక నదీతీరం గురించి చెప్పండి. మోకాళ్ళ మీద నెలరోజులు అడిగిందే వచ్చింది. ప్రభువు అక్షరం పొల్లుపోకుండా ఇచ్చాడు. జ్ఞాపకశక్తి కూడా కావాలని అడగడం ఆమే మరిచింది. నోరు తెరిచేసరికి ఇరవై రెండు వాక్యాల్లో ఒక్కటీ లేదు.

ఎదురుగా ఇద్దరు పరీక్షాధికారిణులు. గోడ మీద గడియారం. అరనిమిషం గడిచింది. ఆ ఎడారిలో ఆమెకు దొరికిన జర్మన్ ఒక్కటే. డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకు రోగిని అప్పగిస్తూ చెప్పే అప్పగింత మాటలు. అవి కోర్సులో మొదటి నెలే నేర్పారు.

"వయసు రెండు వందల ఎనభై పైన," అని మొదలుపెట్టింది. "అంతకుముందు కోటగోడ. 1945లో బాంబులకు తీవ్ర గాయాలు. తర్వాత ఆపరేషన్లు జరిగాయి. 2002లో, 2013లో నది పొంగి కాళ్ళకు నీరు. కటకటాల మీద వేలి గుంట ఉంది. ఇంకా పూడలేదు. ప్రస్తుతం పరిస్థితి నిలకడగా ఉంది. రాత్రి నిద్రపోయింది."

చిన్నామె కలం ఆగింది. పెద్దామె మొహంలో ఏమీ కదల్లేదు.

"నొప్పి ఉందా?" అని అడిగింది.

"చెప్పడం లేదు."

"మీరు స్వయంగా చూశారా?"

ఇక్కడ అబద్ధానికి ఒక్క పదం చాలు. ఆ పదం ఆమెకు వచ్చు కూడా. కాని రోగిని చూడకుండా చూశానని పదహారేళ్ళలో ఒక్కసారీ అప్పగించలేదు.

"లేదు," అంది. "నేను ముసఫ్ఫాలో ఉంటాను."

ఫలితం క్లినిక్ చివరి రోజున, భూమేశ్ కట్టు విప్పుతుండగా ఫోన్‌లో పడింది. వ్యాకరణం మెచ్చుకున్నారు. ఉచ్చారణ మెచ్చుకున్నారు. అడిగిన విషయం గురించి మాట్లాడలేదన్నారు.

"ఏమైందక్కా?"

"యాభై ఏడు."

"ఎంత గావాలె?"

"అరవై."

"మూడే గద! ముదీర్‌ను పట్టుకుంటే ఏస్తడు."

"దానికి ముదీర్ ఉండడు తమ్ముడూ."

కొత్త గుడ్డ చుట్టింది. వాపు ఎంతుందో చూద్దామని కాలి మీద బొటనవేలు ఆనించి నొక్కింది.

"ఇగ ఊరికేనా?"

"ఆదివారం ఫ్లైటు."

"ఊర్ల ఎవలున్నరు?"

బయట కంపెనీ బస్సు హారన్ కొట్టింది. భూమేశ్ లేవబోయి ఆగాడు.

"అయితే ఆ గుంతల ఏలు పెట్టకుంటనే పోతున్నవన్నట్టు."

జ్ఞానకుమారి కిటికీలోంచి ఎండను చూస్తూ ఉంది. హారన్ మళ్ళీ మోగింది.

"ఏలు తియ్యక్కా," అన్నాడు భూమేశ్ మెల్లగా. "నొస్తంది."